పగలని గాజు

శిక్షణ మొదలైన పూటే ఆమెకు పేరు పడిపోయింది. తలుపు మేడమ్. ముందు వరుసలో ఫ్యాను కింద కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆమె వచ్చి తలుపు పక్కన, గాలి సరిగ్గా ఆడని మూల కూర్చుంది. భోజనాల గదిలోనూ అంతే. లిఫ్టు ఎక్కదు, ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తుంది. పేరు పెట్టింది కంపెనీ ఇంజనీరు. ఏదో పెద్ద నిర్మాణ సంస్థలో పనిచేసే బొద్దు మనిషి, ఎవరి మనసూ నొప్పించకుండా ఎగతాళి చెయ్యగల నేర్పరి. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. పిరికితనం దాచుకోవడానికి చిన్నప్పటినుంచీ నానా తంటాలూ పడి, ఏదీ అచ్చిరాక, పెళ్ళయ్యాక ఆ ప్రయత్నం కూడా మానేసింది.

నగర కార్యాలయంలో ఆమె ఇంజనీరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తెస్తే ఖాయం చేస్తానని పై అధికారి చెప్పాడు. తేకపోతే ఏం చేస్తాడో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఆమెకు లేదు.

రక్షిత కట్టడాల పక్కన కొత్త భవనాలూ రోడ్లూ వచ్చినప్పుడు పాత కట్టడానికి ఎంత నష్టం జరుగుతుందో ముందే అంచనా వెయ్యడం నేర్పే శిక్షణ అది. ఇంజనీర్లూ, ఆర్కిటెక్టులూ, నగర ప్రణాళికల వాళ్ళూ కలిపి ఓ గదికి సరిపడా వచ్చారు. పాఠం చెప్పేది మాస్టారు. జీవితమంతా పాత గోడల చుట్టూ తిరిగి రిటైరైన ఆర్కిటెక్టు. మోచేతుల దగ్గర నలిగిన కోటు, సుద్దపొడి అంటిన వేళ్ళు. ఈ కట్టడం విలువ ఎందులో ఉంది, దాని పక్కన మనం చెయ్యబోయేదేమిటి, దానివల్ల ఆ విలువలో ఎంత పోతుంది, ఈ మూడు ప్రశ్నలకీ నిజాయితీగా జవాబు రాస్తే చాలు, మిగతాదంతా కాగితం ఖర్చు అని మొదటిరోజే చెప్పారాయన. బోర్డు మీద నాలుగు మాటలు రాశారు. ఏమీ లేదు, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఏ పరీక్షకైనా చివరికి ఆ నాలుగింటిలో ఒకటి కింద గీత గియ్యాలి.

బుధవారం అందరినీ తూకాల శాలకు తీసుకెళ్ళారు. శిక్షణ భవనం వెనక వీధిలోనే ఉందది. ఒకప్పుడు ఊళ్ళోకి వచ్చే సరుకంతా అక్కడ తూచి గాని లోపలికి వదిలేవారు కాదట. రాతి గోడలు, వాటిమీద మనిషెత్తు మందాన ఇటుకల కమాను కప్పు. లోపల ఖాళీ హాలు. ముందువైపు కమాన్ల కింద తాళాలు బాగుచేసేవాళ్ళూ గొడుగులు కుట్టేవాళ్ళూ చిన్నచిన్న కొట్లు పెట్టుకున్నారు. పక్క స్థలంలో పెద్ద దుకాణాల సముదాయం రాబోతోంది, దాని కింద భూమిలో కార్లకు రెండంతస్తులు. ఆ పునాదుల కోసం కాంక్రీటు స్తంభాలు నేలలోకి దిగగొట్టే యంత్రం ప్రహరీ అవతల అప్పటికే నిలబడి ఉంది. ఈ పనివల్ల శాలకు జరిగే నష్టమెంత అన్నది తరగతికిచ్చిన అభ్యాసం.

లోపల అడుగుపెట్టగానే అందరూ తలెత్తి కప్పు చూశారు. ఆమె మాత్రం వెనక్కి తిరిగి గుమ్మం ఎంత దూరంలో ఉందో చూసుకుంది.

కప్పు నడిమిన మొదలైన పగులొకటి వంకర్లు తిరుగుతూ గోడ దిగి, గుమ్మం పక్కన భుజం ఎత్తుకు వచ్చి ఆగింది. దానికి అడ్డంగా అక్కడక్కడా వేలెడు వెడల్పు పట్టీలు, రెండు కొసలా ప్లాస్టరుతో అతికించినవి, మెరుస్తున్నాయి. మాస్టారు చేతికర్ర ఎత్తి చూపించారు.

"వీటిని సాక్షి గాజులంటాం. గాజుకి సాగడం తెలీదు, వంగడం తెలీదు. గోడ వెంట్రుకవాసి కదిలినా పుటుక్కున పగిలిపోతుంది. ఇన్ని నెలలుగా ఒక్కటీ పగల్లేదు. అంటే?"

కదలిక లేదని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. రాసుకోమన్నారు మాస్టారు. కలాలు కదిలాయి. గోడలో కదలిక లేకపోతే నష్టం స్వల్పమని కంపెనీ ఇంజనీరు అప్పుడే తేల్చేశాడు, మాస్టారు కాదనలేదు.

అప్పుడే బయట బరువైన లారీ ఒకటి వెళ్ళింది. నేల సన్నగా అదిరింది. ఆమె చప్పున గుమ్మం పక్క గోడకి చెయ్యి ఆనించింది. అరచెయ్యి సరిగ్గా చివరి పట్టీ మీద పడింది.

చల్లగా తగల్లేదు.

గాజు చేతికెలా తగులుతుందో ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. భర్తది ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. పెళ్ళైన కొత్తలో సాయంత్రాలన్నీ అక్కడ తడిబట్టతో గాజు తుడుస్తూనే గడిచాయి. రాతి మీదున్న గాజు, అందులోనూ పొద్దుటిపూట, చేతిలో వేడంతా లాగేసుకోవాలి. ఇది లాక్కోలేదు. వేలితో నొక్కింది. కొంచెం లొంగింది. గోటితో కొట్టింది. టక్కుమనాల్సింది మొద్దుగా పలికింది. వంగి పక్కనుంచి చూస్తే పట్టీ మధ్యలో విల్లులా ఉబ్బి ఉంది. పగులుకు ఒక పక్క రాయి రెండోపక్క రాయికంటే ముందుకొచ్చింది, పట్టీ దానితోపాటే బుద్ధిగా వంగింది.

ఆమె కప్పుకేసి చూడబోయి చూడలేకపోయింది.

"ఏం తలుపు మేడమ్, గోడ పడకుండా పట్టుకున్నారా?" అన్నాడు కంపెనీ ఇంజనీరు. అందరూ నవ్వారు. ఆమె చటుక్కున చెయ్యి తీసేసి, తనూ నవ్వింది.

అందరూ బయటికి వెళ్ళేదాకా చెప్పు సరిచేసుకుంటున్నట్టు అక్కడే వంగి నిలబడింది. శాల కాపలా పెద్దాయన చీపురు పట్టుకుని వచ్చాడు. ఈ పట్టీలు ఎప్పుడు వేశారని మాటవరసకి అడిగినట్టు అడిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. తన గురించి ఎవరో అడిగినట్టే చెప్పడం మొదలుపెట్టాడు.

ముందు గాజువే ఉండేవట. పెట్టిన కొన్నాళ్ళకే పగిలేవి. మళ్ళీ పెడితే మళ్ళీ పగిలేవి. పిల్లల్ని లోపలికి వదులుతున్నావనీ, చీపురుకర్ర తగిలిస్తున్నావనీ ప్రతిసారీ ఆయనకే మెమో ఇచ్చేవారు. చివరికి స్టోరు గుమస్తా జాలిపడి, పగలని రకం తెప్పించి పెట్టించాడు.

"అప్పట్నుంచి ఒక్కటంటే ఒక్కటి పగల్లేదమ్మా. నాకూ ఒక్క మాట పళ్ళేదు," అన్నాడు పెద్దాయన, పట్టీని ఆప్యాయంగా తుడుస్తూ.

ఆమెకు అప్పుడు అర్థమైంది. ఎవరూ కుట్ర చెయ్యలేదు. గోడ అరుస్తుంటే ఎవరో మంచితనంకొద్దీ దాని నోరు నొక్కేశారు, అంతే. ఆమె ముఖం చూసి పెద్దాయన తుడవడం ఆపాడు. మళ్ళీ నా మీద ఏమైనా రాస్తారా అని మెల్లిగా అడిగాడు. లేదని తల అడ్డంగా ఊపి ఆమె బయటపడింది.

బయట డైరెక్టరుగారు వచ్చి ఉన్నారు. శిక్షణ సంస్థకూ, కట్టడాల అనుమతులకూ ఆయనే పెద్ద. ఇస్త్రీ నలగని చొక్కా, నిదానమైన మాట. అందరికీ ఓ శుభవార్త చెప్పారు. ఈ తరగతి చేసే పని ఇంతకుముందులా చెత్తబుట్టలోకి పోదు, పక్క స్థలం వాళ్ళ ఫైల్లో నిపుణుల బృందం అభిప్రాయంగా చేరుతుంది. శుక్రవారం సర్టిఫికెట్లతో పాటు సంతకాలు, సోమవారం నుంచి పక్కన పని. కొందరు చప్పట్లు కొట్టారు. పాఠం కోసం రాసింది నిజంగా చెల్లుబాటవుతుందంటే ఎవరికి గొప్పగా ఉండదు? ఆమె చేతులు మాత్రం పైకి లేవలేదు. సోమవారం నుంచి అన్న మాట ఒక్కటే చెవిలో ఉండిపోయింది.

*

సాయంత్రం నేరుగా దుకాణానికి వెళ్ళింది. భర్త బల్ల మీద వంగి ఎవరిదో కుటుంబం ఫోటోకు అట్ట కోస్తున్నాడు. ఆమె ముఖం చూసి, మళ్ళీ ఏ కుక్క కనిపించింది అన్నాడు.

"నువ్వు భయపడని రోజుంటే చెప్పు, ఆ రోజు నేను కంగారుపడతాను."

ఆమె నవ్వలేదు. జరిగింది చెప్పింది. అతను చెయ్యి తుడుచుకుని, కొరియరులో పంపే ఫోటోలకు వాడే ప్లాస్టిక్ పలక ముక్కొకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కళ్ళు మూసుకుని నొక్కింది. అదే వెచ్చదనం, అదే లొంగుబాటు. తల ఊపింది. అతని ఎగతాళి అక్కడితో ఆగిపోయింది.

 అతను అట్ట ముక్కలు ఏరి బుట్టలో వేశాడు, వేసినవే మళ్ళీ సర్దాడు. ఉద్యోగం ఖాయమయ్యేదాకా నోరు మెదపొద్దనీ, ఆ తర్వాత నిదానంగా చెప్పొచ్చనీ అన్నాడు చివరికి. ఆ మాట తప్పని ఆమె కూడా అనలేదు. దుకాణం సంగతి ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు ఫోటోలన్నీ ఫోన్లలోనే ఉంటున్నాయి, గోడలకెక్కేవి తగ్గిపోయాయి.

"సోమవారం మొదలుపెడతారట," అంది ఆమె. "ఆ పగులు కిందే ఒకావిడ తాళాల కొట్టు."

అతను కాసేపటికి లేచి గోడవార నిలబెట్టిన అద్దాల్లోంచి బాగా పల్చటిదొకటి తీసి బల్లమీద పరిచాడు. కోత చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, స్కేలు ఆనించి, ఒక్క గీత లాగాడు. సర్రుమంది. కిందనుంచి వేలితో తట్టి రెండు చేతులా వంచితే గీత వెంబడి తెగింది. వేలెడు వెడల్పున కొన్ని పట్టీలు కోసి, అంచులు గరుకు రాయితో అరగదీసి, పాత కాగితంలో చుట్టాడు.

"చేతులు కోసుకోకు," అన్నాడు. 

మర్నాడు భోజనం వేళ అందరూ కంచాల దగ్గరుండగా ఆమె వెనక వీధిలోకి వచ్చింది. సంచిలో గాజు, ప్లాస్టరు పొట్లం, పళ్ళు తోమే బ్రష్షు. రక్షిత కట్టడానికి అనుమతి లేకుండా ఏదీ అతికించకూడదని, అది నేరమని మొదటిరోజు పాఠంలోనే ఉంది. అది తలుచుకున్నకొద్దీ సంచీ బరువెక్కుతోంది. కమాన్ల దగ్గరికొచ్చేసరికి వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనే అనుకుంది. ముఖం పాలిపోయి నిలబడ్డ ఆమెను తాళాల కొట్టావిడ చూసింది. కొట్టు చిన్నది, మనిషి పెద్దది. మెడలో గుత్తులుగుత్తులుగా తాళంచెవులు.

"ఎండ దెబ్బా? ఇలా కూర్చో తల్లీ," అని ముక్కాలిపీట జరిపింది.

కూర్చుంటే మళ్ళీ లేవలేనని తెలుసు. పిన్నీ, ఒక్క గిన్నె ఇస్తావా, నీళ్ళు కూడా, అంది ఆమె. ఎందుకో ఏమిటో అడక్కుండా ఆవిడ టీ కాచుకునే గిన్నె కడిగి తెచ్చింది. అడక్కుండానే వెంట వచ్చింది.

పెద్దాయన ముందు వద్దన్నాడు. తన ఉద్యోగం పోతుందన్నాడు. తనదీ పోవచ్చని ఆమె కూడా ఒప్పుకుంది. ఆ మాటతో ఆయన కాసేపు చీపురు పట్టుకుని నిలబడి, నేను చూళ్ళేదు అని గోడకి చెప్పినట్టు చెప్పి హాలు అవతలి కొసకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అవతల ఊడ్చిన చోటే ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

ప్లాస్టిక్ పట్టీకి జానెడు కింద, పగులుకు రెండువైపులా రాతిని బ్రష్షుతో రుద్ది దుమ్ము దులిపి తడిపింది. పిన్ని గిన్నె పట్టుకుంటే ప్లాస్టరు కలిపింది. రెండు ముద్దలు పెట్టి, గాజుపట్టీ అడ్డంగా ఆనించి, కదలకుండా వేళ్ళతో అదిమి పట్టుకుంది. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం వచ్చి మళ్ళీ పోయేదాకా కదలకూడదు. తల మీద ఇటుకలు, వాటి బరువంతా ఆమెకు తెలుసు, లెక్క కట్టగలదు, అదే ఖర్మ. తన వీపు గుమ్మం వైపు ఉందని చాలాసేపటికి గాని గమనించలేదు. గమనించాక కూడా వేళ్ళు తియ్యలేదు.

ఇదేం చేస్తుందని అడిగింది పిన్ని. గోడ కదిలితే చెబుతుందంది ఆమె. నోరులేనిది ఏం చెబుతుందిలే అని పిన్ని నవ్వుతూ గిన్నె కడుక్కోవడానికి పోయింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు పాఠం చెబుతుండగా మొదటి దెబ్బ వినిపించింది. దూరంగా, భూమి లోపల్నుంచి. కిటికీ అద్దాలు జుమ్మన్నాయి. పక్క స్థలం వాళ్ళు యంత్రాన్ని పరీక్షిస్తున్నారట. బల్లమీద సీసాలో నీళ్ళు వలయాలు తిరిగాయి. మాస్టారు దాన్నే పాఠంగా మలుచుకుని, అదురు దూరంతోపాటు ఎలా తగ్గుతుందో బోర్డుమీద గీశారు. అందరూ శ్రద్ధగా దించుకున్నారు. ఆమె మాత్రం ప్రతి దెబ్బకీ కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళ ముందు ముక్కాలిపీట మీద పిన్ని కనిపిస్తోంది, ఒళ్ళో ఆకురాయి, చేతిలో ఎవరిదో తాళంచెవి. కలం జారి కింద పడింది. తీసుకోవడానికి వంగితే లేవాలనిపించలేదు.

*

శుక్రవారం పొద్దున్నే శాలకు వెళ్ళేసరికి పిన్ని కొట్టు సగమే తెరిచి వీధిలో నిలబడి ఉంది. ఆమెను చూడగానే ఎదురొచ్చింది.

"నేను ముట్టుకోలేదు తల్లీ. ఒట్టు."

పెద్దాయన కూడా లోపల్నుంచి వచ్చాడు. సాయంత్రం తాళం వేసి వెళ్ళినవాణ్ణి ఇప్పుడే తీశాననీ, తనకేమీ తెలియదనీ అన్నాడు. 

గాజు పట్టీ నిలువునా పగిలింది, సరిగ్గా పగులుమీద. రెండు ముక్కలూ ప్లాస్టరుకు అంటుకునే ఉన్నాయి గాని వాటి అంచులు ఇక కలవడం లేదు. ఒకటి రెండోదానికన్నా ముందుకొచ్చి నిలబడింది. జానెడు పైన ప్లాస్టిక్ పట్టీ నిన్నటికంటే ఇంకాస్త ఉబ్బి, చెక్కుచెదరకుండా మెరుస్తోంది.

 తప్పు మాది కాదని చెప్పుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్ళు తన ముందు నిలబడి ఉన్నారు. అది చూసి ఆమెకు భయంతోపాటు దుఃఖం కూడా వచ్చింది.

"మీరెవరూ పగలగొట్టలేదు," అంది. "గోడే పగలగొట్టింది."

పిన్నికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తలెత్తి తన కొట్టు మీదుగా పోయే కమానును చూసింది. తర్వాత వెళ్ళి ఆకురాళ్ళూ తాళాలూ ఒక పెట్టెలో వేసుకుని, వీధి దాటి ఎదుటి గోడ నీడలో పెట్టె దించుకుంది. గొడుగుల అతనికి కూడా చెప్పి వచ్చింది. అతను రాలేదు. బేరం పోతుందన్నాడు.

ఆమె మాస్టారిని పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళజోడు మార్చుకుని గాజు చూశారు. ప్లాస్టిక్‌ను వేలితో నొక్కారు. మళ్ళీ నొక్కారు. గోడవార రాతి అరుగు మీద నెమ్మదిగా కూలబడ్డారు.

"ప్రతి తరగతికీ ఇవే చూపించానమ్మా. కర్రతో చూపించాను. ఒక్కసారైనా ముట్టుకుని చూళ్ళేదు."

ఆయన లేచి డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఎదురుచూసింది. మాస్టారు చెబితే అయిపోతుంది, ఇక తను ఏమీ చెయ్యక్కర్లేదు అనుకుంది. ఆ ఆశ ఎంతోసేపు నిలవలేదు. డైరెక్టరుగారు వచ్చారు, మాస్టారు ఆయన వెనక. డైరెక్టరుగారు గోడను కాదు, ఆమెను చూశారు. ఈ గాజు ఎవరు పెట్టారని అడిగారు. తనేనంది. ఎవరి అనుమతితో అన్నారు. 

ఆయన గొంతు పెంచలేదు. అనుమతి లేకుండా రక్షిత కట్టడాన్ని ముట్టుకున్నందుకు కేసు పెట్టొచ్చనీ, ప్లాస్టరు సరిగా పట్టకపోతే గాజు దానంతటదే పగులుతుందనీ, ఒక పిరికి మనిషి అతికించిన ముక్కను పట్టుకుని ఎవరూ ఫైలు ఆపరనీ నిదానంగా చెప్పారు.

"మీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదనుకుంటా," అన్నారు చివర్లో, ఆమె మేలుకోరి అడిగినట్టు.

మాస్టారు తన బూట్లకేసి చూస్తూ నిలబడ్డారు. ఆమెకు ఆయన మీద కోపం కూడా రాలేదు. ఆ నిలబడడం ఆమెకు బాగా తెలిసిందే.

ముగింపు సభ శాలలోనే. ఫోటోలు బాగా వస్తాయని డైరెక్టరుగారే నిర్ణయించారట. హాల్లో కుర్చీలు వేశారు. వెనక కమాను నిండుగా కనిపించేలా, సరిగ్గా కప్పులో పగులు మొదలైన చోటికి కింద బల్ల, దాని వెనక డైరెక్టరుగారి ఎత్తు కుర్చీ, పక్కన మాస్టారికి మామూలు కుర్చీ. బల్లమీద ఒక పక్క సర్టిఫికెట్ల దొంతర, ఇంకో పక్క స్వల్పం అని టైపు చేసిన అభిప్రాయం, దానిమీద కలం. పిలిచినప్పుడు వెళ్ళి సంతకం పెట్టి సర్టిఫికెట్ అందుకుని ఫోటోకు నవ్వాలి. ఆమె గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ ఎవరూ తీసుకోలేదు, అలవాటైపోయింది.

ఉపన్యాసం సగంలో ప్రహరీ అవతల మళ్ళీ పరీక్షకోసం యంత్రం మొరాయించి మొరాయించి అందుకుంది. ఇంజను శబ్దం గోడల్లోంచి వచ్చి కుర్చీకాళ్ళలోకి పాకింది. ఆమె గుమ్మంకేసి చూసింది. పారిపోవచ్చు. గుమ్మం పక్కనే ఉంది, రెండడుగులేస్తే వీధి, వీధి దాటితే పిన్ని. పారిపోతే ఎవరూ ఆశ్చర్యపోరు కూడా. ముందు వరుసల్లో తలలన్నీ ఆమెకు వెనకనుంచి కనిపిస్తున్నాయి. నవ్వించేవాడు, నవ్వేవాళ్ళు, పొద్దున్నే ఇంటికి ఫోను చేసి కూతురి జ్వరం కనుక్కున్నావిడ. వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. మొదటి పేరు తనదే పిలిచారు.

గుమ్మం దగ్గర్నుంచి బల్లదాకా నడిచింది.  కలం తీసుకుంది. ఎక్కడ పెట్టాలో డైరెక్టరుగారు వేలితో చూపించారు, ఫోటో మనిషి కెమెరా ఎత్తాడు. ఆమె కలం కింద పెట్టేసింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన, పగులు కింద నిలబడింది.

"సంతకం పెడతాను సార్," అంది. వినపడలేదేమోనని మళ్ళీ చెప్పింది. "పెడతాను. పక్కన ఇంకాసేపట్లో దెబ్బ వేస్తారు. మీ తల మీది పగులే గుమ్మం పక్కదాకా దిగింది. అక్కడ దానికి అడ్డంగా నిన్న గాజు పెట్టాను, ఇవాళ్టికి పగిలింది. మాస్టారు చూశారు. అక్కడున్న మిగతావి గాజువి కావు, ప్లాస్టిక్‌వి. నొక్కి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. దెబ్బ పడేదాకా మీరు ఈ కుర్చీలోనే కూర్చోండి సార్. నేనూ మీ పక్కనే ఉంటాను. ఏమీ కాకపోతే అప్పుడు పెడతాను."

ఎవరూ నవ్వలేదు. ఎప్పుడూ తలుపు పక్కన కూర్చునే మనిషి అక్కడ నిలబడి ఉండటం వాళ్ళకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. కంపెనీ ఇంజనీరు మెల్లిగా తలెత్తి కప్పు చూశాడు. అతన్ని చూసి పక్కవాళ్ళు చూశారు.

డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వారు. కూర్చునే ఉన్నారు. మంచినీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండా పెట్టేశారు. అవతల ఇంజను శబ్దం ఒక్కసారి తగ్గింది. ఎత్తిన బరువు వదిలేముందు ఆ యంత్రం అలా తగ్గుతుందని నిన్న మధ్యాహ్నం అందరూ విన్నారు. ఆమె కళ్ళు మూసుకుంది. మొగుడి ముఖం, కాగితంలో చుట్టిన గాజు గుర్తుకొచ్చాయి.

దెబ్బ పడింది. పెద్ద చప్పుడేం కాదు. కప్పులోంచి పిండిలాంటి దుమ్ము సన్నటి ధారగా జారి, బల్లమీద టైపు చేసిన కాగితం మీద, డైరెక్టరుగారి ఇస్త్రీ చొక్కా భుజం మీద పడింది.

ఆయన దులుపుకోలేదు. లేచి నిలబడ్డారు.

"లోపల ఉక్కగా ఉంది," అన్నారు. "బయట పెట్టుకుందాం."

అని, ఎవరికోసమూ ఆగకుండా గుమ్మంకేసి నడిచారు. నడక నిదానంగా మొదలై గుమ్మం దగ్గరకొచ్చేసరికి నిదానంగా లేదు. ఆయన వెనక అందరూ లేచారు. కుర్చీలు నేలకు రాసుకుని కిర్రుమన్నాయి. ఆమెకు కూడా వెళ్ళాలని ఉంది. కాళ్ళు రావడం లేదు. చెయ్యి ఆయన వదిలేసిన కుర్చీని పట్టుకుని వదలడం లేదు. ఇక్కడే ఉండిపోతానేమో, ఇంత చేసి కూడా ఇలాగే పోతానేమో అనుకుంది. ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. కంపెనీ ఇంజనీరు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"రండి మేడమ్," అన్నాడు. తలుపు అన్న మాట చేర్చలేదు.

వీధిలో ఎండ కళ్ళలో పొడిచింది. గొడుగుల అతను తన సామాను రెండు చంకలా ఇరికించుకుని వీధి దాటుతున్నాడు. డైరెక్టరుగారు కాస్త దూరంగా ఫోను చెవికి ఆనించుకుని, ఇవాళ్టికి ఆపండి అంటున్నారు. మరోసారి అదే మాట అన్నారు, ఈసారి గట్టిగా. యంత్రం ఆగిపోయింది. అది ఆగాక గాని అంతవరకూ ఎంత గోలగా ఉందో తెలియలేదు.

మాస్టారు పిన్ని పెట్టెను బల్లగా చేసుకుని దాని ముందు వంగారు. కోటు జేబులోంచి తెల్లకాగితం తీసి, పట్టీలు ప్లాస్టిక్‌వని, గాజు పెట్టిన మర్నాటికే పగిలిందని, తాను స్వయంగా చూశానని, ఇన్నాళ్ళూ ముట్టుకుని చూడకపోవడం తన తప్పని రాశారు.  కింద తీవ్రం అని రాసి గీత గీసి సంతకం పెట్టారు. కలం కంపెనీ ఇంజనీరు తీసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరూ. ఆమె వంతు వచ్చినప్పుడు పిన్ని కాగితం కదలకుండా అదిమి పట్టుకుంది. సంతకం బడిపిల్ల రాసినట్టు వచ్చింది.

మరి సర్టిఫికెట్లు అని ఎవరో అడిగారు. దొంతర లోపలే, బల్లమీదే ఉండిపోయింది. అందరూ గుమ్మంకేసి చూశారు. ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ దొంతరలో అన్నిటికంటే పైన ఉందని ఆమెకు తెలుసు. ఒక్క పరుగులో వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఆమె కదల్లేదు.

కాపలా పెద్దాయన డైరెక్టరుగారి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు, వెళ్ళి తెమ్మంటారేమోనని.

"తాళం వెయ్యి," అన్నారాయన.

పెద్దాయన తలుపులు దగ్గరికి లాగి తాళం వేశాడు. పిన్ని తన ముక్కాలిపీట తెచ్చి నీడలో వేసి, ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టింది.  ఎదుట ఎండలో డైరెక్టరుగారు భుజం మీద దుమ్ముతో అలాగే నిలబడి ఉన్నారు. ఆయన కుర్చీ లోపలే ఉండిపోయింది. తెమ్మని ఆయన ఎవరికీ చెప్పలేదు.